రేవు కేసు: పదకొండో భాగం

పాతరేవు, బోగోలు మండలం
జూలై 6

ఉషక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ బాగానే ఉంటావు, నీకేం తక్కువ.

ఫోను చేయకుండా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటావేమో. ఫోన్లో మనిద్దరికీ నాలుగు మాటలు దాటితే పోట్లాటే. మొన్న నువ్వు మధ్యలో పెట్టేశావు, అంతకుముందు నేను పెట్టేశాను. రాస్తే కనీసం చివరిదాకా చదువుతావు. అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసీ రాసీ నా చేతికి రాయడం అలవాటైంది కూడా. మీటింగుకి బోగోలు వెళ్ళినప్పుడు పోస్టులో వేస్తాను.

విషయం ఏమిటంటే, మన ‘రేవు కేసు’ మళ్ళీ వచ్చింది. ఎవరో మొత్తం పదమూడు భాగాలూ యూట్యూబులో పెట్టారు. మా చిన్నది పోలి పట్టుకొచ్చి చూపించింది. “మా, ఇది మన వూరే గదా, ఈ పాప ఉష పెద్దమ్మే గదా” అని ఒకటే గంతులు. మన రేవులో తీసి, అంత పేరూ అవార్డూ తెచ్చుకున్న సీరియల్‌ని పదేళ్ళప్పుడు, టీవీ ఉన్న వ్యాపారి ఇంటి గుమ్మంలో కూర్చుని చూశాను. ఇప్పుడు ముప్ఫై ఏడేళ్ళకి మళ్ళీ చూస్తున్నాను, సెంటర్లో పిల్లలు నిద్రపోయాక, రోజుకొకటి.

అక్కా, ఆ ఇన్‌స్పెక్టరు గుర్తున్నాడా? ఎంత పెద్దమనిషి అనుకున్నాం! ఇప్పుడు చూస్తే కుర్రాడు. మా ఆయన చిన్నబాబు కన్నా చిన్నవాడు. ఆ మీసం అతికించిందని కూడా తెలిసిపోతోంది. రేవులో కనిపించిన ప్రతివాణ్ణీ ముందు చెంప మీద కొట్టి, తర్వాత ప్రశ్న అడుగుతాడు. అప్పుడు మనం ఈలలు వేశాం. దెబ్బలు తింటున్నది మన బాబాయిలూ మామలేనని ఒక్కరికీ తట్టలేదు. ఇంకొకటి. హత్యకి గురైన నరసమ్మ గురించి మొదటి భాగం నుంచీ అందరూ మాట్లాడుతూనే ఉంటారు, ఆమె మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. ఆమె మొహం కూడా సరిగ్గా చూపించరు. ఎవరికీ అక్కర్లేదన్నమాట.

ఇక నీ సంగతి. నరసమ్మ కూతురిగా బాగానే చేశావు. కింద జనం రాసినవి చదివాను. ‘పడవ చాటు నుంచి తొంగిచూసే ఆ పాప కళ్ళు మరిచిపోలేం’ అని ఎవడో రాశాడు. ఆ వారం నీకు కళ్ళకలక వచ్చి ఎర్రగా ఉన్నాయని వాడికేం తెలుసు పాపం.

ఎనిమిదో భాగం దాకా వచ్చాను.

కామమ్మ

*

సూళ్లూరుపేట
జూలై 15

చెల్లి కామమ్మకి,

నీ ఉత్తరం షాపులో, మిషను మీద కూర్చునే చదివాను. కళ్ళకలక దగ్గర గట్టిగా నవ్వితే, జాకెట్టు కొలత ఇస్తున్నావిడ భయపడింది. నువ్వు మారవు కదమ్మా. మెచ్చుకుంటూనే గిల్లుతావు.

ఇన్‌స్పెక్టరు గురించి నువ్వు రాసింది నిజమే. నేనూ మళ్ళీ చూశాను. కానీ నాకు వేరే వింత అనిపించింది. ఆ పడవలో దాక్కున్న పిల్ల నేనే అంటే నాకే నమ్మకం కలగదు. మా షాపులో మిషను పైన ఆ ఫోటో ఉంది కదా, నేను పడవ అంచు పట్టుకుని చూస్తున్నది. పిల్లల యూనిఫాంలు కుట్టించుకోవడానికి వచ్చిన రాకెట్ కేంద్రం క్వార్టర్స్ వాళ్ళు “ఇది మీరేనా?” అని అడుగుతారు. ఔనంటే ఆ తర్వాత బేరం ఆడరు. మా ఆయన తను నడిపే బస్సులో ఆ స్టాఫ్‌కి కూడా అదే చెబుతుంటాడు. ఇన్నేళ్ళలో నాకంటూ దక్కిన పేరు అదొక్కటే, నవ్వకు.

అసలు కబురు విను. కావలిలో రూఫస్ అని ఒక కుర్రాడున్నాడు. పాత సీరియళ్ళ మీద వీడియోలు చేస్తాడు, లక్షలమంది చూస్తారట. నన్ను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు, మధ్యాహ్నమంతా మాట్లాడించాడు. ఆగస్టులో మీ దగ్గరికి వస్తాడు, సీరియల్ తీసిన చోట్లు చూపించాలట. నా చెల్లెలు అక్కడే ఉంది, అన్నీ చూపిస్తుందని చెప్పాను. కాస్త ఓపికగా మాట్లాడు. టీ ఇవ్వు.

ఇంకొక్కటి. నేను కట్టుకున్న ఆ నీలం పావడా చిన్నమ్మ ట్రంకుపెట్టెలోనే ఉండాలి. దాన్ని పట్టుకుని నేను ఫోటో దిగితే బాగుంటుందని రూఫస్ అంటున్నాడు. ఎలాగూ ఎవరికీ పనికొచ్చేది కాదు, పంపించు.

మిగతా భాగాలు తీరిగ్గా చూడు. పదకొండు మాత్రం వదిలెయ్. ఏడుపు తప్ప దాంట్లో ఏమీ లేదు.

ఉష

*

పాతరేవు
జూలై 24

ఉషక్కకి,

‘నేను కట్టుకున్న నీలం పావడా’ అని ఎంత తేలిగ్గా రాశావు!

అది నాది. అమ్మ తన నీలం చీర చింపి, పసుపు అంచు వేసి నాకు కుట్టింది. నీకు అదే వారం ఆకుపచ్చది కుట్టింది. నీకేమీ తక్కువ చేయలేదు. మీ అమ్మ పోయి, మీ నాన్న మారుపెళ్ళి చేసుకుని మద్రాసు హార్బరుకి పోయాక, మా అమ్మ నిన్ను తెచ్చి నా పక్కలోనే పడుకోబెట్టింది. నా పళ్ళెంలో చేప రెండు ముక్కలైంది. నేను ఏమీ అనలేదు. అనడానికి నాకు అప్పుడు మాటలు కూడా రావు.

కానీ ఆ సీరియల్ నాది అక్కా. నీకు తెలుసు, ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు అంతే. ఆ డైరెక్టరు రేవులో పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి నన్ను ఎంచుకున్నాడు. పడవ చాటున ఎలా కూర్చోవాలో, ఎప్పుడు తొంగిచూడాలో రెండు రోజులు నేర్పాడు. “ఈ పాప బెదురు చూపు బాగుంది” అని ఆ కెమెరా ఆయనతో అన్నది నా చెవులతో విన్నాను. మూడోరోజు పొద్దున్నే అమ్మ వెళ్ళి వాళ్ళతో ఏదో మాట్లాడి వచ్చింది. వచ్చి నా ఒంటి మీది పావడా విప్పించి నీకు కట్టింది. “నువ్వు కావలిలో మామ ఇంటికి పో” అని నన్ను బస్సెక్కించింది. ఎందుకు అంటే చెప్పలేదు. నేను కిటికీలోంచి చూస్తుంటే నువ్వు నా పావడా కుచ్చిళ్ళు సవరించుకుంటున్నావు.

అమ్మకి నువ్వేం చెప్పావో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు అమ్మ లేదు, ఇదన్నా ఇప్పించు అని ఏడ్చి ఉంటావు. నీ ఏడుపుకి మా అమ్మ ఎప్పుడూ కరిగిపోయేది. నేను ఏడిస్తే మాత్రం “పెద్దదానివి అవుతున్నావు” అనేది.

ఓర్వలేక రాస్తున్నాననుకో. ఔను, ఓర్వలేకే. నీ షాపులో ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నా కడుపు మండుతుంది. నువ్వు బేరం లేకుండా డబ్బు తీసుకుంటున్నది నా మొహం మీద. ఆ పేరుంటే నేనూ ఈ రేవు దాటి ఎక్కడికైనా పోయేదాన్నేమో.

పదకొండో భాగం వదిలెయ్యమన్నావు. నువ్వు చెప్పాలా? అది అప్పుడూ నేను చూడలేదు. శవం మీద పడి నువ్వు ఏడ్చే భాగం అని, నువ్వు ఎంత బాగా చేశావోనని అందరూ ముందే చెప్పుకుంటుంటే, నేను లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాను.

మీ రూఫస్‌ని రమ్మను. టీ ఇస్తాను. ఆ తర్వాత కెమెరా ముందు ఇదంతా చెబుతాను. లక్షలమంది చూస్తారన్నావుగా, చూడనీ.

పావడా పంపను.

కామమ్మ

*

సూళ్లూరుపేట
ఆగస్టు 1

కామమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, చించేద్దామనుకుని, దాచాను.

రూఫస్‌కి చెప్పాలంటే చెప్పు. ఫోటో తీసేస్తాను, గోడకి మేకు మిగులుతుంది. అంతకు మించి నాకు పోయేది ఏముందో నువ్వే బాగా లెక్కగట్టినట్టున్నావు. కానీ చిన్నమ్మ దగ్గర నేను ఏడ్చి అడుక్కున్నానని మాత్రం అనకు. ఆ మాట నేను పడను. నేను అడగలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఏదీ అడగలేదు.

ఎందుకు అలా చేసిందో నాకు తెలుసు. చెప్పనని తన నెత్తిన నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పను. అందుకే పదకొండో భాగం చూడవద్దన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పనని ఒట్టు వేశాను కానీ, చూపించనని వేయలేదు.

పదకొండో భాగం చూడు. ఫోన్లో కాదు, మీ సెంటర్లో పెద్ద టీవీ ఇచ్చారుగా, దాంట్లో చూడు. నన్ను చూడకు. నా ఏడుపు చూడకు. నరసమ్మ పాదాలు చూడు.

ఉష

*

పాతరేవు
ఆగస్టు 9

అక్కా,

చూశాను.

చూడకూడదనుకున్నాను. మూడు రోజులు బింకంగా ఉన్నాను. నిన్న మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళకి పంపేసి, ఆయాని కూడా పొమ్మని, తలుపు దగ్గరగా వేసి పెట్టాను.

ముందు నిన్నే చూశాను, అబద్ధం ఎందుకు. నా పావడాలో ఇసుక మీద పరిగెత్తుకుంటూ వస్తున్నావు. ఆ తర్వాత కెమెరా కిందికి దిగింది. తడి చీర, మొహం నిండా జుట్టు, అల వచ్చి పోతోంది. పాదాలు.

ఎడమ కాలికి బొటనవేలు పక్కన వేలు వంకరగా దాని మీదికి ఎక్కి ఉంది. గోరు లేదు. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు దుంగ పడి నలిగిన వేలు అది. మోకాళ్ళ నొప్పులకి నేను నూనె రాసి ఒత్తినన్నాళ్ళూ ఆ వేలు దగ్గరికి వచ్చేసరికి “మెల్లిగా మే” అనేది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

టీవీ ఆపేశాను. మళ్ళీ పెట్టాను. నేలమీద కూర్చుని టీవీకి దగ్గరగా జరిగి, ఆ వేలు మీద చెయ్యి పెట్టాను. అద్దం వేడిగా ఉంది.

అక్కా, నేను అమ్మ శవం చూడలేదు. అమ్మ గుండె ఆగిన రోజు నేను కావలి ఆసుపత్రిలో పోలిని కని పడుకున్నాను. పచ్చి బాలింతవి, శవం దగ్గరికి రాకూడదని పెద్దవాళ్ళు ఆపేశారు. చెప్పింది కూడా అంతా అయిపోయాకే. పదకొండేళ్ళుగా అమ్మ ఎలా పడుకుని ఉందోనని ఊహించుకుంటున్నదాన్ని. నిన్న మధ్యాహ్నం, పిల్లల బొమ్మలు అంటించిన గోడల మధ్య, చూశాను.

అమ్మ అక్కడికి ఎందుకు వెళ్ళింది? ఎందుకు పడుకుంది? నాన్న ఆ రోజు వేటలో ఉన్నాడు. మగవాడు సముద్రం మీద ఉంటే ఇంట్లో దీపం కూడా నోటితో ఆర్పని మనిషి, శవంలాగా పడుకోవడానికి ఎలా ఒప్పుకుంది?

చూశాను కాబట్టి నీ ఒట్టు తీరిపోయింది. చెప్పు.

కామమ్మ

*

సూళ్లూరుపేట
ఆగస్టు 14

చెల్లీ,

చెబుతాను. అడ్డు రాకుండా చదువు.

నరసమ్మగా చేయడానికి వచ్చిన మద్రాసు నటి అలల్లో పడుకోనంది. చలి జ్వరం వస్తుందంది, రైలెక్కి వెళ్ళిపోయింది. డైరెక్టరు ఊళ్ళో ఆడవాళ్ళని అడిగాడు. ఎవరు ఒప్పుకుంటారు? అందరి మొగుళ్ళూ వేటలోనే ఉన్నారు. శవం దొరక్కపోతే ఇక్కడ సామాను సర్దుకుని వేరే రేవుకి పోతామన్నాడు. పోతే నీ వేషం పోతుంది. నువ్వు రెండు రోజులుగా అన్నం కూడా పడవ చాటునే కూర్చుని తింటున్నావు. అది చూసి చిన్నమ్మ ఒప్పుకుంది. నీకోసమే ఒప్పుకుంది కామమ్మా. ఎవరికీ తెలియకూడదని, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర, అవతలి ఒడ్డున తీయమంది. ఊరివాళ్ళంతా మద్రాసు నుంచి ఇంకో నటి వచ్చిందనుకున్నారు. బాబాయికి చివరిదాకా తెలియదు.

మొదటిరోజు ఇన్‌స్పెక్టరు శవాన్ని చూసే సీను తీశారు. సాయంత్రం డైరెక్టరు రేపటి సీను చెప్పాడు. కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి, శవం మీద పడి, అమ్మా అని ఏడవాలి. చిన్నమ్మకి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. నేను తోడు వెళ్ళాను కాబట్టి పక్కనే ఉన్నాను. మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

పొద్దున్నే వెళ్ళి వాళ్ళకి చెప్పింది. “నా బిడ్డ వద్దు సార్. నేను పడుకోని ఉంటే అది నా మీద పడి అమ్మా అని యాడవకూడదు. పైన తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. నన్ను మార్చండి, లేకుంటే బిడ్డని మార్చండి.” శవాన్ని మార్చడానికి లేదు, ముందురోజే ఆమెతో సీను తీసేశారు. “అయితే ఎవర్ని పెట్టమంటావమ్మా?” అన్నాడాయన. చిన్నమ్మ నా వైపు చూసింది.

నాకు పదకొండేళ్ళు. అయినా అర్థమైంది. నాకు పోగొట్టుకోవడానికి అమ్మ లేదు. నేను ఎంత ఏడ్చినా తథాస్తు దేవతలు చేసేదేమీ లేదు. అందుకు ఇచ్చింది నాకు ఆ వేషం. నీ మీద ప్రేమతో నీకు తీసేసింది, నాకు ఏమీ కాదని నాకు ఇచ్చింది. నువ్వు నా ఫోటో చూసి మండిపోతుంటావు. నేను ఆ ఫోటో చూసినప్పుడల్లా నిన్ను చూసి మండిపోతుంటాను. నీకోసం భయపడే మనిషి ఒకరుండేవారు.

సీను తీసేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ పాదాలు చూశాక వచ్చింది. అమ్మా అని అరిచాను. అంతకుముందు ఆ మాట నేను ఎవర్నీ పిలిచి ఎరగను. చిన్నమ్మని అమ్మా అని పిలిచింది ఆ ఒక్కరోజే, అదీ ఆమె చచ్చిపోయినట్టు పడుకున్నప్పుడు. నేను వెక్కుతుంటే ఇసుక కింద నుంచి ఆమె చెయ్యి నా చెయ్యి పట్టుకుని నొక్కింది, బెదరమాక అన్నట్టు. కెమెరాకి అది కనపడలేదు.

తీశాక నెత్తిన చెయ్యి పెట్టించుకుంది. “కామికి చెప్పమాక. చచ్చినట్టు పడుకున్నానంటే బయపడతాది.” పోయాక చెబుదామనుకున్నాను. ఎలా చెప్పను? నువ్వు పురిట్లో ఉన్నావు. ఆ తర్వాత చెబితే, ఆ రోజు పడుకోబట్టే ఇలా అయిందని నీ మనసులో పడుతుందని భయం. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నమ్మకీ నాకూ మధ్య ఉన్నది అదొక్కటే. మిగతా అంతా నీదే. అది నీకు ఇవ్వబుద్ధి కాలేదు.

ఉషక్క

*

పాతరేవు
ఆగస్టు 20

అక్కా,

అమ్మ చెయ్యి నొక్కిందని రాశావు చూడు, ఆ ఒక్క మాట రాయకుండా ఉండాల్సింది. మిగతా అంతా తట్టుకున్నాను. నీ బాధ కూడా అర్థమైంది, రాయి కాదుగా నేను. కానీ ఆ చెయ్యి దగ్గర మళ్ళీ మొదటికి వచ్చాను. అది నా చెయ్యి కావాల్సింది.

మా అమ్మ మీద పడి రెండుసార్లు ఏడ్చే భాగ్యం నీకే పట్టింది. సీరియల్లో ఒకసారి, నిజంగా పోయినప్పుడు ఒకసారి. రెండుసార్లూ నేను కావలిలోనే ఉన్నాను. నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు మీరు. ఏడుపు మీద కూడా కుళ్ళుకుంటారా అని అడుగు, కుళ్ళుకుంటారు. నేను కుళ్ళుకుంటున్నాను.

అమ్మ మీద కూడా కోపంగా ఉంది. నాకు చెప్పి ఉంటే ఏమైపోయేది? ముప్ఫై ఏడేళ్ళు నిన్ను దొంగలాగా చూశాను. బతికున్నంతకాలం అమ్మని కూడా. నువ్వు పండక్కి చీర పెట్టినప్పుడల్లా అమ్మ మురిసిపోతే, ఆమెకి కావాల్సిన కూతురు నువ్వేననుకునేదాన్ని.

ఇప్పుడు ఒకటి గుర్తొస్తోంది. మామ ఇంట్లో ఉన్న ఆ సాయంత్రం అమ్మ కావలి వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు ఇంకా తడిగా ఉంది, మెడ మీద ఇసుక. అత్త మంచినీళ్ళు ఇస్తుంటే తీసుకోకుండా నా దగ్గరికి వచ్చి గట్టిగా పట్టుకుంది. ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా. చెవిలో, “ఒకసారి అమ్మా అని పిలువు మే” అంది. నేను పిలవలేదు. పావడా లాక్కుని పిలువు అంటే ఎలా పిలుస్తాను? మూతి బిగించుకుని గోడ వైపు తిరిగాను. “పిలువు బంగారూ, ఒక్కసారి” అని బతిమాలింది. ఎందుకో నాకు తెలియదు. బతిమాలించుకోవడం బాగుందని ఇంకా బిగించుకున్నాను.

నీ నోటి నుంచి వచ్చిన ఆ పిలుపుని నా చేత కడిగించుకుందామని వచ్చింది కదక్కా. బతికున్న తన్ని బతికున్నట్టు పిలిపించుకుందామని.

ఇక రాయలేను. రూఫస్ ఆదివారం వస్తున్నాడని ఫోన్ చేశాడు.

కామమ్మ

*

సూళ్లూరుపేట
ఆగస్టు 22

కామీ,

ఇది నీకు అందేలోపే ఆదివారం వస్తుందేమోనని మా ఆయన స్నేహితుడొకాయన కావలి వస్తుంటే ఆయన చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఆ రాత్రి చిన్నమ్మ కావలి నుంచి తిరిగొచ్చి నాకు అన్నం పెడుతూ నీ గురించి ఏం చెప్పిందో రాస్తాను. “కామి మూతి ఇంత పొడుగు పెట్టింది, ఎంత బతిమాలినా పలకలా. అంత పొగరుండే బిడ్డకి నేనేమైనా బతికిపోతాది” అని నవ్వింది. ఏడవలేదు. నవ్వింది. ఒట్టు.

నరసమ్మ శవం వేషం ఎవరు వేశారని రూఫస్ నన్ను అడిగాడు. చెప్పలేదు. నిన్నూ అడుగుతాడు. అది నీ ఇష్టం. వేషం నీదేనని చెప్పాలన్నా చెప్పు, నేను కాదనను. ఫోటో గోడ మీది నుంచి తీసేశాను. తీసి బీరువాలో పెట్టాను.

ఉషక్క

*

పాతరేవు
ఆగస్టు 28

ఉషక్కకి,

నీ చీటీ శనివారమే అందింది. పొగరు సంగతి చదివి నవ్వాను, ఆ తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు ఉన్నాను.

రూఫస్ వచ్చాడు. మంచి పిల్లాడే, టీ రెండుసార్లు తాగాడు. పడవలు నిలబెట్టిన చోటు చూపించాను. వ్యాపారి ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీ ఉందని చూపించాను. మొగ అవతల ఒడ్డు కోసుకుపోయిందని చెప్పాను. ఇన్‌స్పెక్టరు చేత దెబ్బలు తిన్న మన బాబాయిలు ఎవరెవరో పేర్లతో చెప్పాను, రాసుకున్నాడు. ఈ వీడియోలో వాళ్ళ పేర్లు వేస్తాడట, సీరియల్లో వేయలేదు కదా.

ఆ తర్వాత కెమెరా నా మీదికి తిప్పి, “ఆ పాప వేషానికి ముందు మిమ్మల్నే తీసుకున్నారని ఊళ్ళో ఎవరో అన్నారు, నిజమేనా అక్కా?” అని అడిగాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. నోటిదాకా వచ్చింది. “తీసుకున్నారు. కానీ ఆ ఏడుపు మా అక్క తప్ప ఇంకెవరూ ఏడవలేరు, మంచి పని చేశారు” అన్నాను. మనస్ఫూర్తిగా అన్నానని మాత్రం అనుకోకు. సగం మనసుతో అన్నాను. ఆ సగమే చాలా ఎక్కువ నాకు.

నరసమ్మ శవం ఎవరని అడిగాడు. పేర్లలో ఎక్కడా లేదట, చూసేవాళ్ళంతా అదే అడుగుతున్నారట. “ఎవరో మద్రాసు నటి అంట, నాకు తెలియదు” అన్నాను. నిన్ను లక్షలమందికి ఇచ్చాను అక్కా, అమ్మని ఇవ్వబుద్ధి కాలేదు. ఈ విషయంలో నువ్వూ నేనూ ఒకటే బాపతు.

పావడా ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో వస్తోంది. ఉతకలేదు. అంచు మీద ఉప్పు చార అలాగే ఉంది, నీళ్ళలో పెట్టకు. ఫోటో దిగు. పాతది మళ్ళీ గోడకి తగిలించు, బోసి గోడ చూస్తే నీ బేరాలు పడిపోతాయి.

రూఫస్ వెళ్ళిపోయాక సెంటరు తాళం తీసి టీవీ పెట్టాను. పదకొండో భాగం. నువ్వు పరిగెత్తుకొచ్చేదాకా ఆగి, సౌండు మొత్తం తగ్గించేశాను. ఏమనుకోకు, నీ గొంతు నాకు అక్కర్లేదు. నువ్వు మోకాళ్ళ మీద పడ్డావు, నోరు తెరిచావు. అప్పుడు నేను పిలిచాను. మొదటిసారి సరిగ్గా రాలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ పిలిచాను.

సందులో ఆడుకుంటున్న పోలి విని పరిగెత్తుకొచ్చింది. “ఏంది మా, ఎవుర్ని పిలస్తా ఉండావు?” అంది.

“మీ అమ్మమ్మని” అన్నాను.

నీ చెల్లెలు
కామమ్మ